ఎరుపుకీ ఆకుపచ్చకీ నడుమ బురద

ఒక పూట పని అనుకున్నాను. మా టీమ్ వాడుకునే చిన్న ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీలో ఆకారాలను ఒకే రంగుతో నింపే సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది. గ్రేడియంట్‌తో నింపడం మాత్రం లేదు. రెండు రంగులిస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా జారుకుంటూ పోవాలి, అంతే కదా. సగటు తీయడంలో కష్టమేముందని పొద్దున్నే మొదలుపెట్టాను. మధ్యాహ్నానికల్లా నలుపు నుంచి తెలుపుకు వెళ్లే పట్టీ తెర మీద చక్కగా వచ్చేసింది. సాయంత్రం మా డిజైనర్ గారికి చూపిస్తే, ఆవిడ నలుపూ తెలుపూ పట్టించుకోలేదు. ఎరుపూ ఆకుపచ్చా ఇచ్చి చూడమన్నారు. చూశాం.

"మధ్యలో ఆ బురద ఏంటండీ?" అన్నారు.

"అది రెండిటి సగటండీ. 255లో 128 ఎరుపు, 128 ఆకుపచ్చ, 0 నీలం. లెక్క సరిగ్గానే ఉంది."

"లెక్క సరిగ్గానే ఉండొచ్చు. నేను బురద అడగలేదుగా."

నిజమే. ఆవిడ అడిగింది రెండు రంగులు. మిగతా వెయ్యి రంగులూ నేను నా ఇష్టానికి వేసినవి. లైబ్రరీ వాడేవాళ్లు అంచుల్లో ఏముండాలో చెప్తారు, నడుమ ఏముండాలో చెప్పరు. ఆ నడుమ భాగాన్ని తేల్చుకోడానికి నాకు రెండు నెలలు పట్టింది.

అసలు యంత్రాంగం చిన్నదే. ప్రతి పిక్సెల్‌కీ ఒక సంఖ్య కావాలి: మొదలు దగ్గర 0, చివర 1. నేను దాన్ని కోడ్‌లో 'టి' అని పిలుచుకున్నాను. సరళరేఖ గ్రేడియంట్ అయితే, మొదటి బిందువు నుంచి పిక్సెల్ దాకా వెక్టర్ తీసుకుని, గీత దిశతో డాట్ ప్రొడక్ట్ చేసి, గీత పొడవు వర్గంతో భాగిస్తే టి వస్తుంది. వృత్తాకారపుదానికి కేంద్రం నుంచి దూరాన్ని వ్యాసార్థంతో భాగించాలి. చుట్టూ తిరిగే దానికి ఆర్క్‌టాన్‌తో కోణం తీసి పూర్తి చుట్టుతో భాగించాలి. ఆ టిని పట్టుకుని స్టాప్‌ల (ఏ స్థానంలో ఏ రంగుండాలో చెప్పే గుర్తుల) జాబితాలో ఏ రెండిటి మధ్య పడిందో చూసి రంగు కలపాలి. టి సున్నాకంటే తగ్గినా ఒకటిని దాటినా ఏం చేయాలన్నదానికి ఎస్‌వీజీ అనే వెబ్ బొమ్మల ప్రమాణంలో మూడు పద్ధతులున్నాయి: చివరి రంగునే సాగదీయడం, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం, అద్దంలోలా వెనక్కి తిరగడం. మూడూ కలిపి పది పన్నెండు లైన్లు. ఇంతవరకూ నిజంగా ఒక పూట పనే.

మొదటి తప్పు రంగులో కాదు, కొలతలో దొరికింది. ఎరుపు నుంచి నీలానికి ఒక పట్టీ, నీలం నుంచి ఎరుపుకి ఇంకో పట్టీ గీసి, రెండోదాన్ని అద్దంలోలా తిప్పితే మొదటిదానితో సరిపోవాలి. సరిపోలేదు. పిక్సెల్‌ను దాని ఎడమ మూల దగ్గర కొలుస్తున్నాను, కొలవాల్సింది నడిబొడ్డున. రెండే పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మలో టి విలువలు 0.25, 0.75 రావాలి, నాకు 0, 0.5 వస్తున్నాయి. 0.5 కలపగానే పోయింది. చిన్న తప్పే, కానీ పెద్ద బొమ్మల్లో ఎవరి కంటికీ ఆనదు. అందుకే అప్పట్నుంచి ఏ పరీక్షయినా ముందు రెండు పిక్సెళ్ల బొమ్మ మీద రాస్తున్నాను.

ఇక బురద సంగతి. ఫైళ్లలో మనం చూసే 0 నుంచి 255 దాకా అంకెలు కాంతి పరిమాణాలు కావు. 1999లో వచ్చిన ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం, ఐఈసీ 61966-2-1, వాటిని ఒక వంపు మీదుగా కాంతిగా మారుస్తుంది. నలుపు దగ్గర చిన్న సరళరేఖ ముక్క ఉంటుంది. విలువ 0.04045 దాకా 12.92తో భాగించడమే, అది దాటాక 0.055 కలిపి, 1.055తో భాగించి, 2.4 ఘాతానికి పెంచాలి. ఈ లెక్కన 128 అంటే సగం కాంతి కాదు, 22 శాతం లోపే. ఎరుపు సగం వెలుగు, ఆకుపచ్చ సగం వెలుగు కలిపానని నేననుకున్న చోట నిజానికి రెండూ ఐదో వంతు చొప్పునే ఉన్నాయి. మసకబారక ఏం చేస్తుంది?

అంకెల్ని కాంతిగా మార్చి, అక్కడ సగటు తీసి, మళ్లీ వెనక్కి మార్చాను. మధ్యలో 188, 188, 0 వచ్చింది, పసుపు తేటగా మెరిసింది. విజయగర్వంతో డిజైనర్ గారికి పంపబోతూ, ఎందుకో మొదటి రోజు గీసిన నలుపు తెలుపుల పట్టీని కూడా మళ్లీ గీశాను. అది చెడిపోయింది. నలుపు మూలన ముడుచుకుపోయింది, మిగతాదంతా తెల్లబారింది. పట్టీలో నాలుగో వంతు కూడా రాకముందే 128 వచ్చేసింది. కాంతి లెక్క భౌతికశాస్త్రం ప్రకారం ఒప్పే. కాకపోతే మన కన్ను కాంతిని తూకం వేసి చూడదు. చీకట్లో చిన్న తేడాను కూడా పట్టేస్తుంది, వెలుతురులో పెద్ద తేడాను కూడా వదిలేస్తుంది. ఎస్‌ఆర్‌జీబీ వంపు దాదాపు కంటి పోకడకు దగ్గరగా ఉంటుంది కాబట్టే, తెలివిలేని పాత సగటు బూడిద రంగుల మీద అంత చక్కగా పనిచేసింది. ఒకచోట ఒప్పు ఇంకోచోట తప్పు. రెండు రోజులు కోడ్ ముట్టుకోలేదు.

ఈ గొడవకు చాలావరకు సరిపోయే జవాబు కంటి కొలతల మీద కట్టిన రంగుల స్థలాల్లో, అంటే రంగును అంకెలుగా చెప్పే వేరే పద్ధతుల్లో, ఉంది. 1976 నాటి సీఐఈ ల్యాబ్ ముందు ప్రయత్నించాను. బాగానే ఉంది గానీ నీలం నుంచి తెలుపుకు వెళ్తుంటే దారిలో ఊదా రంగు తొంగిచూసింది. అది ల్యాబ్‌కు పాత జబ్బేనట. 2020లో బియోర్న్ ఒట్టోసన్ ప్రకటించిన ఓకేల్యాబ్‌లో ఆ జబ్బు బాగా తగ్గింది. చేయాల్సిన పని కూడా తక్కువ: ఒక మాత్రిక, మూడు ఘనమూలాలు, ఇంకో మాత్రిక. అందులో ఎరుపుకీ ఆకుపచ్చకీ నడుమ దాదాపు 208, 169, 0 వచ్చింది. నలుపు తెలుపుల పట్టీ కూడా చెడలేదు. డిజైనర్ గారు ఇది చూసి, "ఆవ రంగు. ఇది పర్లేదండీ" అన్నారు. ఆవిడ నోట పర్లేదు అంటే పెద్ద మెప్పే.

ప్రతి పిక్సెల్‌కీ ఇంత లెక్క చేయడం మాత్రం దండగ. రెండు స్టాప్‌ల మధ్య ఓకేల్యాబ్‌లో 16 మధ్యంతర రంగులు ముందే లెక్కగట్టి, వాటిని మామూలు స్టాప్‌లుగా జాబితాలో చేర్చేశాను. మిగతా కోడ్‌కు ఈ సంగతే తెలియదు. పాత పద్ధతిలో చిన్న చిన్న ముక్కలు కలుపుకుంటూ పోతుంది, కంటికి తేడా తెలియదు.

రంగుల బాధ తీరిందనుకుంటుండగా పారదర్శకత మొదలైంది. పసుపు నుంచి పూర్తి పారదర్శకానికి ఒక గ్రేడియంట్ తెల్ల కాగితం మీద వేస్తే, అంచు మాయేముందు మురికి పట్టినట్టు కనిపించింది. కారణం వెతికితే సిగ్గేసింది. 'పారదర్శకం' అని మనం రాసుకునే రంగు చాలాచోట్ల ఆల్ఫా, అంటే రంగు ఎంత గట్టిగా కప్పాలో చెప్పే అంకె, సున్నా ఉన్న నలుపు. కనిపించని ఆ నలుపుతో పసుపును సగటు తీస్తున్నాను. సగం దూరంలో సగం పారదర్శకమైన ముదురు పసుపు తేలుతోంది. రంగును ముందే ఆల్ఫాతో గుణించి పెట్టుకుని కలిపితే, సున్నా ఆల్ఫా ఉన్న రంగుకు ఓటు హక్కు ఉండదు. దారి పొడవునా అదే పసుపు, కాస్త కాస్తగా పలచబడుతుంది. థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లోనే ఇలా గుణించిన రూపంలో బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి పరిచే బీజగణితం రాశారు. నాకు నలభై ఏళ్లు ఆలస్యంగా అర్థమైంది.

తమాషా ఏమిటంటే, దీని మీద ప్రమాణాలే ఒక మాట మీద లేవు. వెబ్ పేజీల రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో గ్రేడియంట్‌లు గుణించి కలుపుతాయి. అదే బ్రౌజర్లో, కోడ్‌తో బొమ్మ గీసే క్యాన్వాస్‌లో గ్రేడియంట్ గుణించకుండా కలపాలని దాని ప్రమాణమే చెప్తుంది. ఒకే రెండు రంగులు, ఒకే తెర, రెండు ఫలితాలు. నేను సీఎస్ఎస్ పక్షాన చేరాను, మురికి చూసినవాడిని కనుక.

తర్వాతి గొడవ అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేసింది. 1200 పిక్సెళ్ల ఎత్తున్న నేపథ్యం, పైన 30, కింద 42, ముదురు బూడిద. చూస్తే మెట్లు మెట్లుగా పట్టీలు. లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు: మధ్యలో ఉన్నవే 12 మెట్లు, ఒక్కో మెట్టు 100 పిక్సెళ్లు. ఎనిమిది బిట్లలో, అంటే 0 నుంచి 255 దాకా పూర్ణాంకాల్లో, అంతకంటే సన్నని తేడా చెప్పే వీలే లేదు. పైగా ఒక్క అంకె తేడా ఉన్న అంచును కూడా మన కన్ను పెద్దది చేసి చూపిస్తుంది. ఎర్నెస్ట్ మాక్ 1865లో వర్ణించిన గుణం ఇదే, అందుకే ఆ భ్రమను మాక్ పట్టీలంటారు.

మందు డిథరింగ్. అంకెను దగ్గరి పూర్ణాంకానికి గుండుగుత్తగా నెట్టేయకుండా, ప్రతి పిక్సెల్‌కీ కొంచెం వేరు వేరు హద్దు పెట్టి, కొన్నిటిని పైకి కొన్నిటిని కిందికి పంపడం. 34.3 అనుకున్న చోట పదిలో మూడు పిక్సెళ్లు 35 అవుతాయి, మిగతావి 34. దూరం నుంచి కన్నే సగటు తీసుకుంటుంది. 1976 నాటి ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్‌ల పద్ధతి బొమ్మకు అందంగా ఉంటుంది గానీ, ప్రతి పిక్సెల్ తన దోషాన్ని పక్కవాళ్లకు పంచుతుంది. మా లైబ్రరీ బొమ్మను గళ్లుగా కోసి ఒకేసారి నడిచే నాలుగు థ్రెడ్లకు పంచుతుంది కాబట్టి గడి అంచుల దగ్గర అతుకులు పడతాయి. అందుకని బ్రైస్ బేయర్ 1973లో ఇచ్చిన హద్దుల మాత్రిక తీసుకున్నాను, 8 అడ్డం 8 నిలువు, 64 హద్దులు. కెమెరా సెన్సర్ల మీద ఉండే రంగుల జల్లెడకు పేరిచ్చింది కూడా ఈ బేయరే.

మాత్రిక పెట్టాను, నడిపాను, పట్టీలు అలాగే ఉన్నాయి. ఒక్క పిక్సెల్ కూడా మారలేదు. మాత్రికను తిరగేసి చూశాను, హద్దుల్ని పదింతలు పెంచి చూశాను. పెంచినప్పుడు బొమ్మంతా ఇసక చల్లినట్టయింది గానీ పట్టీలు ఆ ఇసక కింద భద్రంగా ఉన్నాయి. మూడు రోజులు గడిచాక, ఆ ఫంక్షన్‌కు వస్తున్న విలువల్ని అచ్చువేసి చూశాను: 34, 34, 34, 35, 35. భిన్నాలే లేవు.

దొంగ ఎవరో కాదు, వేగం కోసం రెండో వారంలో నేనే పెట్టిన పట్టిక. స్టాప్‌ల నుంచి 256 రంగుల పట్టిక ముందే తయారుచేసి, టిని 255తో గుణించి అందులోంచి తీసుకుంటున్నాను. ఆ పట్టికలో రంగులు ఎనిమిది బిట్లుగానే ఉన్నాయి. అంటే డిథరింగ్ చేరేసరికే రౌండింగ్ అయిపోయింది. పోయిన భిన్నాన్ని వెనక్కి తెచ్చే మాత్రిక ఎక్కడా లేదు. ఆ పట్టికకు ఇంకో పాపం కూడా ఉంది. ఒకే స్థానంలో రెండు స్టాప్‌లు పెడితే రంగు కత్తితో కోసినట్టు మారాలి. 256 గడుల పట్టికతో 4000 పిక్సెళ్ల వెడల్పు నింపితే ఒక్కో గడి 15 పిక్సెళ్ల పైనే ఉంటుంది, కాబట్టి ఆ కోత అన్ని పిక్సెళ్లు పక్కకు జరగొచ్చు. ఇదెవరూ ఫిర్యాదు చేయకముందే దొరికింది, నా అదృష్టం.

పట్టిక పీకేశాను. దాని బదులు ప్రతి రెండు స్టాప్‌ల మధ్య ముక్కకూ ఒక వాలు, ఒక మొదలు విలువ, నాలుగు ఛానెళ్లకూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా) భిన్నాలు నిలిచే ఫ్లోట్‌లో దాచాను. టి ఏ ముక్కలో పడిందో వెతికితే, ఒక గుణకారం, ఒక కూడిక, రంగు వచ్చేస్తుంది. పట్టికకంటే నెమ్మదవుతుందని భయపడ్డాను, కానీ నా కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లేని సమస్యకు పట్టిక కట్టి, ఉన్న సమస్యను దాని కింద కప్పెట్టానన్నమాట. డిథరింగ్ వెంటనే పనిచేసింది. ఒక్క సవరణ కావాల్సొచ్చింది: ఆల్ఫాతో గుణించిన రంగు ఆల్ఫాను మించకూడదు, డిథరింగ్ అప్పుడప్పుడూ దాన్ని మించేలా నెడుతుంది. నెట్టాక ఆల్ఫా దగ్గర కత్తిరించాలి. లేకపోతే పలచని అంచుల్లో అక్కడక్కడా మెరుపు చుక్కలు కనిపిస్తాయి.

రెండు వృత్తాల గ్రేడియంట్ గురించి ఎక్కువ చెప్పను. ఒక వృత్తం నుంచి ఇంకో వృత్తానికి రంగు సాగుతుంది, టి కోసం వర్గ సమీకరణం సాధించాలి. రెండు మూలాల్లో వ్యాసార్థం రుణాత్మకం కానివాటిలో పెద్దది తీసుకోవాలి. నేను మొదట దొరికినదాన్ని తీసుకుని, బొమ్మలో ఒక శంకువు బదులు తలకిందులుగా అతుక్కున్న రెండు శంకువులు గీశాను. ఒక వృత్తం ఇంకోదాన్ని లోపలి నుంచి సరిగ్గా తాకినప్పుడు వర్గపదం సున్నా అయి, సమీకరణం సరళ సమీకరణమవుతుంది. ఆ సందర్భాన్ని విడిగా చూడకపోతే సున్నాతో భాగహారమే.

సున్నాతో భాగహారం అంటే గుర్తొచ్చింది. మొదలూ చివరా ఒకే బిందువైతే సరళరేఖ గ్రేడియంట్‌లో 0 బై 0 అవుతుంది, టి 'సంఖ్య కాదు' అనే విలువగా మారుతుంది. నా దగ్గర కాపలా ఉందనుకున్నాను: టి సున్నాకంటే తక్కువైతే సున్నా చేయి, ఒకటికంటే ఎక్కువైతే ఒకటి చేయి. సంఖ్య కాని విలువ సున్నాకంటే తక్కువా కాదు, ఒకటికంటే ఎక్కువా కాదు. రెండు ప్రశ్నలకూ కాదని చెప్పి దర్జాగా లోపలికి వచ్చేసింది. అప్పటికి పాత పట్టిక ఇంకా ఉంది. దాన్ని పూర్ణాంకంగా మారిస్తే ఏమొస్తుందో సీ భాష చెప్పదు. ఇంటెల్ తరహా ప్రాసెసర్ మీద అతి పెద్ద రుణ సంఖ్య వచ్చి ప్రోగ్రాం కూలింది. ఆర్మ్ ప్రాసెసర్ మీద సున్నా వచ్చి, మొదటి రంగుతో నిశ్శబ్దంగా నింపేసింది. కూలినదే మేలు, కనీసం తెలిసింది. కాపలా ప్రశ్నను తిప్పి, 'సున్నాకంటే ఎక్కువ కాకపోతే' సున్నా చేయమని రాశాను. ఆ రూపంలో అది తప్పించుకోలేదు. ఇక అసలు అలాంటి గ్రేడియంట్‌కు ఏ రంగు వేయాలి? ఎస్‌వీజీ చివరి స్టాప్ రంగు వేయమంటుంది, క్యాన్వాస్ ఏమీ వేయొద్దంటుంది. చివరి రంగు వేశాను. ఖాళీగా వదిలేస్తే వాడేవాళ్లు తప్పు తమదని గంటలకొద్దీ వెతుక్కుంటారు.

రెండు ప్రాసెసర్ల మధ్య ఇంకో పేచీ కూడా నడిచింది. నా యంత్రం మీద పరీక్షలన్నీ పచ్చగా (నెగ్గి) ఉన్నాయి, ఆర్మ్ యంత్రం మీద 11 బొమ్మలు ఎర్రగా (ఓడి). తేడా చూస్తే అక్కడక్కడా ఒక్క అంకె. కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ ఆర్మ్ 64 మీద గుణకారాన్నీ కూడికనూ కలిపి ఒకే సూచనగా మారుస్తుంది, మధ్యలో రౌండింగ్ ఉండదు. నా యంత్రానికి మామూలు సెట్టింగులతో ఆ కలిపే సూచన వాడదు, అందుకని రెండు సార్లు రౌండింగ్. సరిగ్గా సగం దగ్గరున్న విలువలు ఒకచోట పైకి, ఒకచోట కిందికి. ఆ కలపడాన్ని ఆపేసే ఫ్లాగ్ ఉంది, ముందు అదే పెట్టాను. తర్వాత మనసొప్పలేదు; ఆర్మ్ ఇచ్చేదే నిజానికి ఎక్కువ కచ్చితం, పరీక్షల కోసం దాన్ని చెడగొట్టడమేంటి? ఫ్లాగ్ తీసేసి, పోలికలో ఒక్క అంకె తేడాను అనుమతించాను. దానికి తోడు వేరే రకం పరీక్షలు చేర్చాను: తిప్పితే అద్దంలోలా ఉండాలి, నలుపు తెలుపుల పట్టీ ఎక్కడా వెనక్కి తగ్గకూడదు, రెండు చివర్లా ఒకే రంగిస్తే బొమ్మంతా కచ్చితంగా అదే రంగు రావాలి. ఈ మూడోది వెర్రిదిలా కనిపిస్తుంది గానీ, డిథరింగ్ హద్దుల్లో సగం అంకె పొరపాటును పట్టుకుంది ఇదే.

చివరికి మిగిలింది, వాడేవాళ్లు ఏమీ చెప్పకపోతే ఏ పద్ధతి నడవాలన్న వాదన. నా ఓటు ఓకేల్యాబ్‌కి. మా టీమ్‌లో పెద్దాయన ఒప్పుకోలేదు. "వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒకలా కనిపించి, మన దగ్గర ఇంకోలా వస్తే, మనది అందంగా ఉందని ఎవరూ అనరయ్యా. మనది తప్పంటారు" అన్నారు. వాదించలేకపోయాను. మామూలుగా బురద దారే నడుస్తుంది, కావాలన్నవాళ్లు ఒక మాట రాసి ఓకేల్యాబ్ తెచ్చుకోవచ్చు. డిజైనర్ గారు ఆ మాటను తన ప్రాజెక్టులన్నిటిలో పెట్టేసుకున్నారు, ఇంకెవరైనా వాడుతున్నారో లేదో తెలియదు.

విడుదల చేశాక వచ్చిన మొదటి ఫిర్యాదు రంగుల మీద కాదు. బొమ్మలు దాచే పీఎన్‌జీ ఫైళ్లు ఎందుకింత లావెక్కాయని. పై నుంచి కిందికి జారే నున్నని గ్రేడియంట్‌లో ప్రతి వరసా ఒకే రంగు, అది పీఎన్‌జీలో ఇట్టే కుదించుకుపోతుంది. డిథరింగ్ చేసిన వరసలో ఆ ఏకరూపం ఉండదు, కుదించడానికి పట్టు దొరకదు. నేను మూడు రోజులు తలబాదుకుని తెచ్చిన ఆ సన్నని చుక్కలే వాళ్లకు బరువయ్యాయి. ఇప్పుడు డిథరింగ్‌కు మూడు విలువలున్నాయి: వద్దు, కావాలి, మెట్టు 4 పిక్సెళ్లకంటే వెడల్పైతేనే కావాలి. మూడోదే మామూలు.

చుట్టూ తిరిగే గ్రేడియంట్‌లో మాత్రం చుట్టు ముగిసి మళ్లీ మొదలయ్యే చోట గీత ఇంకా పళ్లు పళ్లుగానే ఉంది. మొదటి రంగూ చివరి రంగూ ఒకటే ఇచ్చినవాళ్లకు అది కనబడదు. తక్కినవాళ్ల కోసం ఆ అంచున ఒక పిక్సెల్ వెడల్పులో రెండు రంగుల్నీ కలిపే కోడ్ సగం రాసి ఉంది. కేంద్రం దగ్గర ఒక పిక్సెల్ వెడల్పు అంటే చుట్టులో సగం కూడా కావచ్చు, అక్కడ ఆగాను.